ఫాల్ అంటే ఏమిటో చెప్పలేకపోయిన రోజు

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళకి సాధారణంగా జుట్టు నెరిసి ఉంటుంది, వీడ్కోలు సభలో కప్పిన శాలువా ఒకటి బీరువాలో ఉంటుంది. నాకు ఇరవై ఏడేళ్ళు. శ్రీకాకుళంలో ఒక పెద్ద బట్టల షాపులో నాలుగేళ్ళు చేసి మానేశాను. సభా లేదు, శాలువా లేదు. అయినా రాస్తున్నాను. ప్రతి ఏడూ ఆషాఢం సేలుకి ముందు ఆ షాపు అద్దం మీద ‘సేల్స్ గర్ల్స్ కావలెను’ అని కాగితం అంటిస్తారు. ఇంటర్ అయిపోయిన పిల్లలు బస్సు దిగి, ఆ కాగితం చదివి, జడ సవరించుకుని లోపలికి వెళ్తారు. ఇది ఆ పిల్లలు చదవాలని.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఎవరైనా నా కళ్ళలోకి చూసి మాట్లాడితే చెప్పాల్సిన మాట మరిచిపోయే రకం నేను. ఆ సంగతి షాపు వాళ్ళకి రెండో రోజే తెలిసిపోయింది. చీరలు చూపించే చోట నుంచి తీసేసి, మొదటి అంతస్తు మూలన ఫాల్ కౌంటరులో కూర్చోబెట్టారు. చీర అడుగు అంచుకి లోపలి వైపు కుట్టే గుడ్డ పట్టీ ఫాల్. కొన్న చీర తీసుకోవడం, దాని రంగుకి కలిసే ఫాల్ పెట్టెలోంచి వెతికి పిన్ను పెట్టడం, పుస్తకంలో బిల్లు నంబరు రాయడం, వెనక తెర చాటున మిషను మీద కుట్టే ఆవిడకి అందించడం నా పని. మాట తక్కువ, రాత ఎక్కువ. నాకు హాయిగానే ఉండేది. ఇంటి దగ్గర డైరీ రాస్తానని, బస్సులో లైబ్రరీ పుస్తకాలు చదువుతానని షాపులో ఎవరికీ తెలియదనుకునేదాన్ని. ఒక్కావిడకి తెలుసు.

ఆవిడ నా కౌంటరుకి ఆనుకుని ఉన్న నూలు చీరల సెక్షనులో పనిచేసేది. నలభై దాటిన మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. భర్త అరసవల్లిలో ఆటో తోలేవాడు. అందరూ అక్క అనేవాళ్ళు, నేనూ అక్క అనేదాన్ని. ఆవిడ చేతిలో చీర విచ్చుకునే తీరు చూస్తే, కొనే ఉద్దేశం లేనివాళ్ళు కూడా కూర్చునేవాళ్ళు.

ఇంక ఆ షాపు బాత్రూం సంగతి చెప్పాలి, అది చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. ముప్ఫై మందికి పైగా ఆడవాళ్ళం. మాకు ఒకటే బాత్రూం, మూడో అంతస్తులో గోడౌను పక్కన. దానికి ఎప్పుడూ తాళం. తాళంచెవి ఫ్లోరు మేనేజరు బల్ల మీద, చీర మడతలో పెట్టే అట్టకి కట్టి ఉండేది. వెళ్ళాలంటే ఆయన ముందు నిలబడి అడగాలి, ఆ అట్ట పట్టుకుని మగ సేల్స్‌మెన్ అందరి ముందు నుంచి మెట్లెక్కాలి. పూటకి ఒకసారి. ఇంకోసారి అడిగితే “షుగరా?” అని గట్టిగా అడిగేవాడు. అది ఆయనకి హాస్యం. పక్కవాళ్ళకీ హాస్యమే. అందువల్ల మేము నీళ్ళు తాగడం మానేశాం. ఇంటి దగ్గర పొద్దున తాగిన టీ తర్వాత మధ్యాహ్నం అన్నంతో పాటు నాలుగు గుక్కలు, అంతే. పదిన్నర గంటలు నిలబడి, వచ్చినవాళ్ళకి మాత్రం నవ్వుతూ మంచినీళ్ళ గ్లాసులు అందించేవాళ్ళం.

అక్క ఒక్కతే తాగేది. పెద్ద స్టీలు సీసా తెచ్చుకుని, మధ్యాహ్నానికి ఖాళీ చేసి మళ్ళీ నింపుకునేది. తాళం మాత్రం అడిగేది కాదు. చాలా రోజులు చూసి, ఒకనాడు ధైర్యం చేసి అడిగాను.

“అక్కా, అన్ని నీళ్ళు తాగితే ఎలాగ?”

ఆవిడ అటూ ఇటూ చూసి నన్ను తెర వెనక్కి లాగి, నడుము మీద చరుచుకుంది. చీర లోపల గరగరమని చిన్న చప్పుడు.

“ఇనబడిందేటి? డైపరు. పెద్దోల్లు ఏసుకునేది.”

“ఒంట్లో బాగోలేదా?”

“అదిగో. ఎవులికి సెప్పినా అదే అడుగుతారు. బాగుండాలనే ఏసుకున్నాను గుంటా.”

మా వైపు ఆడపిల్లని ముద్దుగా గుంట అంటారు. అక్క నన్ను నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు.

మూడో కాన్పు తర్వాత ఆవిడకి దగ్గినా, నవ్వినా, చీరల మూట ఎత్తినా బట్ట తడిసేది. డాక్టరమ్మ వ్యాయామాలు చెప్పింది, అవి చేస్తోంది. ఆపరేషను గురించి కూడా చెప్పింది. ఆవిడ బాగా ఆలోచించుకునే వద్దంది.

“ఓనాడు మా అత్తకని కొన్నది ఒకటి మిగిలుంటే ఏసుకుని వొచ్చినాను. సాయంత్రం దాకా దాని గొడవే గుర్తు రానేదు నాకు. బస్సులో ఎవులో జోకేస్తే పగలబడి నవ్వినాను. ఎన్నాళ్ళకో. ఇంక ఇదే అనుకున్నాను. ఇంట్లో ఇదే, ఈదిలో ఇదే, పడుకున్నా ఇదే.”

“వ్యాయామాలతో తగ్గిపోతే మానేస్తావా?”

“ఎందుకు మానాల? సుకంగా ఉన్నాది. కళ్ళజోడు పెట్టుకున్నోల్లని ఎందుకు పెట్టుకున్నావని అడుగుతావేటి?”

నాకు ఆ మాట నచ్చి ఆ రోజే డైరీలో రాసుకున్నాను. కానీ కళ్ళజోడు పెట్టుకున్న మనిషికి లోకం ఎంత సాయం చేస్తుందో, అక్కకి అంత అడ్డం పడింది. మందుల షాపులో పాకెట్టు అడిగితే “ముసలాయనకా, ముసలావిడకా?” అని ప్రశ్న. పాకెట్టు మీద బొమ్మ కూడా తెల్లజుట్టుదే. అక్క “మా అత్తకి” అని చెప్పేది. అత్త పోయి రెండేళ్ళయింది. “సచ్చిపోయిన మడిసికి ఇంకా కొంటన్నాను” అని నవ్వేది. ప్యాంటులా తొడుక్కునే రకం అయితే మార్చుకోడానికి చీరంతా పైకెత్తి ఒంటికాలి మీద నిలబడాలి. పక్కన అంటించే రకం అయితే నిలబడే మార్చుకోవచ్చు, కానీ వంగి మూట ఎత్తితే అంటు ఊడిపోతుంది. మా యూనిఫాం చీర గాలి ఆడని రకం. వైశాఖంలో చెమటకి తొడలు ఒరిసి ఎర్రగా పొక్కేవి. కొబ్బరినూనె రాసుకుంటే ఆ జిడ్డుకి అంటు నిలవదు. వాడినది పడెయ్యడానికి ఆ బాత్రూంలో చెత్తబుట్ట కూడా లేదు. కాగితంలో చుట్టి, కవరులో పెట్టి, బ్యాగులో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళాలి. సాయంత్రం గేటు దగ్గర మా బ్యాగులన్నీ తెరిచి చూస్తారు. గేటు దగ్గర ఉండే పిన్నికి ఎలా తెలిసిందో తెలియదు, అక్క బ్యాగు మీద చెయ్యి ఆనించి వదిలేసేది. అరసవల్లిలో చెత్త బండి తోలే ఆవిడ “ఏరే సంచిలో కట్టి ఇయ్యి తల్లీ” అంది, మరో మాట అనలేదు. ఊరంతట్లో మర్యాద తెలిసినవాళ్ళు ఈ ఇద్దరే.

మార్చుకోవడానికి చోటు నేనిచ్చాను. మిషను ఆవిడ భోజనానికి వెళ్ళినప్పుడు తెర వెనక ఖాళీ. నేను బయట కాపలా. కావలసినవి ఒక ఖాళీ ఫాల్స్ అట్టపెట్టెలో పెట్టి బల్ల కింద ఉంచాం. అందువల్ల మా ఇద్దరి మధ్య దాని పేరు ఫాల్ అయిపోయింది. కొనేవాళ్ళు ఎదురుగా కూర్చున్నా సరే, అక్క దర్జాగా “గుంటా, ఫాల్ మార్చాల” అనేది. బట్టల షాపులో ఆ మాటకి ఎవరు తల తిప్పుతారు?

ఇక నా తప్పు. ఏ కంపెనీది ఎంతసేపు ఆగుతోంది, ఏది ఒరుస్తోంది అని అక్క గుర్తుపెట్టుకోలేకపోయేది. “నువ్వు రాత గుంటవి కదా, రాసి సూసి ఏది మంచిదో సెప్పు” అంది. ఇంటికెళ్ళి డైరీలో రాయాల్సింది. చేతికందిన పుస్తకం వెనక పేజీలో రాశాను. అది షాపు వాళ్ళ ఫాల్ పుస్తకం. ఎవరైనా చూస్తారేమో అని తెలివిగా రహస్య భాషలో రాశాను కూడా. ‘అక్క ఫాల్ – 9.40, 2.30, 6.15. ఎండ ఎక్కువ, నాలుగు. కొత్తది అంచు బిగువు. బరువు ఎత్తితే జారింది.’ అలా నెల రోజులు.

సేలు వారం రోజుల్లో ఉందనగా ఒకావిడ వచ్చి గొడవ పెట్టుకుంది. మెరూన్ పట్టుచీరకి ఇటుకరంగు ఫాల్ కుట్టారని. అదీ నా పొరపాటే. మేనేజరు ఎవరు పిన్ను పెట్టారో చూద్దామని పుస్తకం తీశాడు. తిప్పుతూ తిప్పుతూ వెనక పేజీకి వెళ్ళాడు. చీరావిడని పంపేసి, మమ్మల్ని ఇద్దరినీ బల్ల ముందుకి పిలిచాడు. పొద్దున పదకొండు గంటలు. చుట్టూ సేల్స్‌మెన్, మా ఆడవాళ్ళు, చీరలు చూస్తున్న రెండు కుటుంబాలు.

“బిల్లు నంబరు లేదు, చీర లేదు. రోజుకి మూడు ఫాల్స్. ఎండ ఎక్కువైతే నాలుగు. ఎండకీ ఫాల్స్‌కీ ఏం సంబంధమో ఎవరైనా చెప్పండి” అన్నాడు. ఆయనది మా ప్రాంతం కాదు, మాటలు ఒత్తి ఒత్తి పలుకుతాడు. “ఎవరమ్మా అక్క?”

“నానే” అంది అక్క.

“ఇంటి దగ్గర మిషను ఎట్టినాదేమో సార్” అని ఒక సేల్స్‌మన్ అందించాడు.

“అంచు బిగువట. అంటే బాగున్నవి ఏరుకుని మరీ పట్టుకెళ్తోంది. బరువు ఎత్తితే జారిందట. అంటే ఒంట్లోనే దాస్తోంది.” ఆయన తన తెలివికి తానే తృప్తిపడి పుస్తకం మూశాడు. “గేటు దగ్గర ఆవిడని పిలవండి. తడిమి చూస్తే తేలిపోతుంది.”

అక్క నా వైపు చూసింది. రాసింది నేను. ఆ భాష మా ఇద్దరికే తెలుసు. ‘అది షాపు సరుకు గురించి కాదు సార్, మా సొంత విషయం’ అని ఒక్క వాక్యం చెబితే చాలు. అక్క గుట్టు కూడా బయటపడేది కాదు. ఆ వాక్యం నా నోట్లో తయారుగా ఉంది. నేను నేల మీది పలకల గీతలు చూస్తూ నిలబడ్డాను. సిగ్గరి పిల్ల అని జనం ముచ్చటగా అంటారే, ఆ సిగ్గు ఆ రోజు చేసిన పని ఇది. ఒక మనిషిని దొంగ అంటుంటే నోరు తెరవలేదు.

గేటు పిన్ని వచ్చింది. సంగతి విని తల అడ్డంగా తిప్పింది.

“నాను బ్యాగులు సూస్తాను బాబూ. మడుసుల్ని ఇప్పి సూడను. కావాలంటే నన్ను మానిపించీండి.”

“ఎవులూ ఏటీ ఇప్పక్కర్నేదు” అంది అక్క. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. “ఫాల్ అంటే డైపరు బాబూ. నాను ఏసుకుంటాను. రోజుకి మూడు, ఎండలెక్కువైతే నాలుగు. అంచు బిగువైతే నా తొడ ఒరుస్తాది. మీ మూటలెత్తితే జారతాది. మీ పెట్టిలోది ఒక్క పట్టీ ముట్టుకోనేదు. పెట్టి దించి లెక్క సూసుకోండి.”

చీరలు చూస్తున్న కుటుంబాల్లో ఒకావిడ చేతిలో చీర అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఎవరో ముక్కుతో నవ్వారు. మేనేజరు “సరే, సరే, ముందే చెప్పొచ్చు కదా” అని కూర్చున్నాడు. ముందే చెప్పాలట. బాత్రూంకి వెళ్తానంటేనే షుగరా అని అరిచే మనిషికి వెళ్ళి, నేనిది వేసుకుంటున్నాను అయ్యా అని మనవి చేసుకోవాలట. దొంగ అన్నందుకు క్షమించమనలేదు. పెట్టె దించి చూడనూ లేదు.

అక్కడితో అయిపోయినా బాగుండేది. మూడో రోజు పొద్దున, షట్టరు ఎత్తకముందు మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టే మీటింగులో ఆయన పక్కన ఒక పెద్ద అట్టపెట్టె ఉంది.

“మనలోనే ఒకావిడ పని పోకుండా ఎంత జాగ్రత్త తీసుకుంటోందో మొన్న చూశారు. చూసి నేర్చుకోవాలి. సేలు పది రోజులూ తాళం బయటికి తియ్యను. జనం మీద జనం ఉంటారు, మెట్లెక్కి దిగడానికి టైం లేదు. కావలసినవాళ్ళు ఇవి వేసుకోండి. షాపే ఉచితంగా ఇస్తోంది.”

మొన్న దొంగతనం, ఇవాళ ఆదర్శం. మాలో కొందరు తల దించుకున్నారు, కొందరు అక్కని గుర్రుగా చూశారు, ఇదంతా ఆవిడ వల్లే అన్నట్టు. మమ్మల్ని ఆవిడ మీదికి తిప్పడం ఆయన చేసిన పనుల్లో అన్నిటికన్నా నీచమైనది.

అక్క వరసలోంచి ముందుకొచ్చింది.

“నా పేరు సెప్పి ఇయ్యి పంచకండి బాబూ.”

“నువ్వు చేసేదే కదమ్మా చెప్పాను. నీకు మంచిదైతే వాళ్ళకి చెడ్డదా?”

“నాకు కావాలని నాను ఏసుకున్నాను. ఈ గుంటలు ఎల్తామంటే మీరు తలుపు మూసీసి ఏసుకోమంటన్నారు. నాను ఏసుకుంటే అది నా బట్ట. మీరు ఏయిస్తే అది మీ తాళమే, తలుపుకి తీసి మా ఒంటికి ఏసినారు.”

“రేపటి నుంచి రానక్కర్లేదు” అన్నాడు మేనేజరు.

“రేపటి దాకా ఎందుకు” అని అక్క బ్యాగు తీసుకుంది. గేటు దగ్గర పిన్నికి తనే బ్యాగు తెరిచి చూపించి మరీ వెళ్ళిపోయింది. ముప్ఫై మందిమి అలాగే నిలబడ్డాం. నన్ను కలుపుకునే ముప్ఫై.

సేలు మొదటి రోజు నేను ఆ పెట్టెలోంచి ఒకటి తీసుకున్నాను. అవును, తీసుకున్నాను. భయం. వేసుకుని కౌంటరులో కూర్చున్నాను. అక్క చెప్పిన సుఖం ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూశాను. మధ్యాహ్నానికి పొత్తికడుపు రాయిలా అయింది. అందులోనే వెళ్దామనుకున్నా ఒళ్ళు ఒప్పుకోలేదు. ఎదురుగా జనం, చేతిలో ఎవరి పెళ్ళి చీరో, నా వల్ల కాలేదు. అదే వస్తువు, అదే షాపు. ఆవిడని బస్సులో పగలబడి నవ్వించింది, నన్ను కళ్ళనీళ్ళు పెట్టుకునేలా చేసింది. తేడా అంతా ఎవరు నిర్ణయించారన్న దగ్గరే ఉందని నాకు పుస్తకాలేవీ చెప్పలేదు, ఆ పదిన్నర గంటలు చెప్పాయి. షాపు వదలగానే బస్టాండులో బాత్రూంకి పరిగెత్తాను. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని, ఆ రోజు ఇంటి నుంచి బ్యాగులో వేసుకొచ్చిన డైరీ తీసి రెండు పేజీలు రాశాను. ఈసారి రహస్య భాషలో కాదు. తాళం, షుగరా అన్న మాట, దొంగతనం నింద, అట్టపెట్టె, నేను వేసుకున్నది, నాకు జరిగింది, అన్నీ వాటి పేర్లతోనే. కింద సంతకం పెట్టి ఆ పేజీలు చింపాను.

ప్రతి శుక్రవారం యజమాని భార్య పూజకి వచ్చి కాసేపు క్యాషు దగ్గర కూర్చుంటుంది. ఆ వారం వచ్చినప్పుడు కాగితాలు ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ పూర్తిగా చదివింది, నాలుగు మడతలు పెట్టింది.

“ఇలాంటివి కాగితం మీద పెడతారామ్మా, పెళ్ళి కావలసిన పిల్లవి?”

జరిగినదానికి ఆవిడకి సిగ్గు వెయ్యలేదు. రాసినందుకు వేసింది. కానీ మధ్యాహ్నానికి అట్టపెట్టె మాయమైంది. మర్నాడు బాత్రూం తలుపుకి తాళం లేదు, లోపల ఒక చెత్తబుట్ట ఉంది. ఎవరూ మాకు ఏమీ చెప్పలేదు. అక్కని రమ్మని ఫోను చేశారట. మేనేజరు మేనేజరుగానే ఉన్నాడు. నన్ను గోడౌనుకి మార్చారు. దుమ్ముకి ఆయాసం వచ్చి కొన్నాళ్ళకి నేనే మానేశాను.

పిల్లలూ, మీరు ఆ షాపులోకి వెళ్తే తలుపుకి తాళం ఉండదు. అది ఎప్పుడూ అలాగే ఉందని అనుకుంటారు. కాదు.

ఆ శుక్రవారం తర్వాత ఆదివారం నేను అరసవల్లి వెళ్ళాను. అక్క ఇంటి ముందు నైటీలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. తాళం తీసేశారని, చెత్తబుట్ట పెట్టారని, తిరిగి రమ్మని నేను గబగబా చెప్పాను.

“మంచిదే. ఆ గుంటలకి పనికొస్తాది” అంది. “నాను రాను. ఆ మడిసి ముందు నిలబడి సీరలు ఇప్పాలని నాకు నేదు. బజార్లో సిన్న షాపొకటి సూసినాను. అక్కడ ఆడమనిషే యజమాని. నాను ముందే సెప్పినాను, ఇది ఏసుకుంటానని. సరే, మూటలెత్తగలవా అని అడిగినాది, అంతే.”

కాసేపు ఇద్దరం చిక్కుళ్ళు ఒలిచాం.

“అక్కా, ఆ పుస్తకంలో రాసినందుకు...”

“రాసినందుకు కాదే” అంది, తల ఎత్తకుండా. “రాయమన్నది నానే. ఆరోజు నీకేసి సూసినాను సూడు. అప్పుడు నువ్వు కింద నాపరాళ్ళు లెక్కెట్టినావు.”

“కోపం ఉందా?”

“ఉన్నాది. ఎందుకుండదు? ఉంటాది కూడాను.” తొక్కలు చేటలోకి దులిపి లేచింది. “కూకో, టీ ఎడతాను. తాగి ఎల్లు.”

కూర్చున్నాను. ఆవిడ కోపం న్యాయమైనది. దాన్ని పోగొట్టడానికి ఒక్క మాట కూడా అనకుండా ఆవిడ ఇచ్చిన టీ తాగాను.